ప్లగ్గు తీయని ప్రయాణం

సంచి నేనే సర్దాను. రెండు బొంతలు, టార్చిలైటు, ఫ్లాస్కు నిండా టీ, బిస్కెట్లు, నా మాత్రలు, తల తుడుచుకోవడానికి తువ్వాలు, దారిలో చదువుకోవడానికి ఒక నవల. అన్నిటికీ అడుగున ఒక నీలం స్వెట్టరు.

"అమ్మమ్మా, మనం వెళ్ళేది గంటన్నర దూరం. కాపురానికి కాదు," అంది మనవరాలు.

"ఉండనీవే. నిన్నేమైనా మోయమన్నానా?"

అది నవ్వి ఊరుకుంది. నేను సంచిలో ఎందుకు అన్నీ కుక్కుతానో దానికి తెలుసు. వాళ్ళన్నయ్య సరుకుల ఓడలో ఉద్యోగానికి బయల్దేరిన రోజు నేను పెట్టిన స్వెట్టరును వాడే తీసి మంచం మీద పడేశాడు. "సముద్రం మీద ఒకటే ఉక్కపోత అమ్మమ్మా, ఎందుకీ బరువు?" అన్నాడు. అదే ఈ నీలం స్వెట్టరు. ఆ తర్వాత ఎవరు గడప దాటినా ఇది వాళ్ళతో వెళ్ళాల్సిందే.

ఆ రోజు మేము తెచ్చుకోబోయేది ఒక ఆట యంత్రం. వీడియో గేముల పార్లర్లలో బీరువా అంత ఎత్తున నిలబడి, ముందు ఒక స్టిక్కూ నాలుగు బొత్తాలూ పెట్టుకుని, నాణెం వేయగానే పాట అందుకునే రకం. పార్లరున్న భవనం కూల్చేస్తున్నారు. మర్నాటి నుంచి కరెంటు ఉండదు. "మీ అన్నయ్య ఆడిన యంత్రం నువ్వే తీసుకెళ్ళమ్మా," అని ఆ పార్లర్ నడిపే బాబాయి మనవరాలికి ఫోన్ చేశాడు.

వాకిట్లో వ్యాన్ ఆగింది. దిగిన కుర్రాడు పలకరింపు కూడా లేకుండా మా వాకిలి తలుపు వంక చూసి, "వస్తువు వెడల్పెంత మేడమ్?" అన్నాడు.

"ఆరొందల నలభై రెండు మిల్లీమీటర్లు," అంది మనవరాలు.

కుర్రాడు తలతిప్పి దాన్ని చూశాడు. అది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి అమరుస్తుంది. దాని లెక్కలన్నీ మిల్లీమీటర్లలోనే ఉంటాయి.

"గుమ్మం?"

"ఏడొందల ఇరవై. మూడుసార్లు కొలిచాను."

"మూడుసార్లు కొలిచేవాళ్ళని చూడటం ఇదే మొదటిసారి," అన్నాడు. మెచ్చుకున్నాడో ఎగతాళి చేశాడో తెలియక అది మూతి ముడుచుకుంది.

వ్యాన్ ముందు సీట్లో ముగ్గురం పట్టాం. మధ్యలో నేను, ఒళ్ళో నా సంచి. కుర్రాడు గుంత కనిపించినప్పుడల్లా తనలో తనే "నిదానం... నిదానం..." అనుకుంటూ నడిపాడు. సగం దారికే నేను వాడికి నిదానం అని పేరు పెట్టేశాను. వ్యాన్ నడిపేవాళ్ళందరూ ఇలా ఉంటే నాకు సగం మాత్రలు అక్కర్లేదు.

పార్లర్లో మిగతా యంత్రాలన్నీ అప్పటికే వెళ్ళిపోయాయి. నేల మీద వాటి కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. మూలన మాది ఒక్కటే వెలుగుతూ, మెల్లగా పాడుకుంటూ నిలబడింది. కింద ఒక చిన్న పెట్టె, యూపీఎస్. కరెంటు పోతే కాసేపు ఆదుకునేది.

నిదానం నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి!" అని అరిచింది మనవరాలు.

"కరెంటున్న వస్తువు నేను ఎత్తను మేడమ్. అది నా రూలు."

"ఇది ఆపకూడదు. అది నా రూలు."

"ఆపితే ఏమవుతుంది?"

"లోపల ఉన్నది పోతుంది."

"ఏముంది లోపల?"

అది నా వంక చూసి తల తిప్పేసుకుంది. "మీకెందుకు? మోయడానికి వచ్చారు, మోయండి."

"మోయడానికే వచ్చానండి. పోవడానికి రాలేదు." నిదానం గొంతు పెంచలేదు. "మా నాన్న ఇలాగే, రెండు నిమిషాలేగా అని, ప్లగ్గు తీయకుండా ఫ్రిజ్ ఎత్తాడు. ఇప్పటికీ ఆయన కుడిచెయ్యి ముడుచుకోదు. వేరే వ్యాన్ చూసుకోండి."

వాడు వ్యాన్ వైపు నడిచాడు. ఆ వేళప్పుడు వేరే వ్యాన్ ఎక్కడ దొరుకుతుంది? మనవరాలు పెదవి కొరుక్కుంటూ నిలబడింది. మా ఇంట్లో ఆ మాట ఎవరం పైకి అనం. నేనే అన్నాను.

"బాబూ, అందులో నా మనవడి ఆట ఉంది. ఓడెక్కే ముందు రోజు ఆడి, అందరికంటే ఎక్కువ కొట్టాడట. ఇలాంటి పాత యంత్రాలకి కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం. అందుకే ఈ బాబాయి ఆనాటి నుంచీ దీన్ని ఆపలేదు. వాడు లేడు బాబూ. అదొక్కటే ఉంది."

నిదానం ఆగాడు. పార్లర్ బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదండీ," అన్నాడు నిదానం, మనవరాలితో. ఇంకోమాట అనకుండా చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని యంత్రం వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "బాబాయిగారూ, తెర వెనక పిక్చర్ ట్యూబుకి వెళ్ళే కరెంటు వేరుగా తీయొచ్చా? ప్రమాదమంతా దానితోనే."

"తీయొచ్చు. బోర్డు బతికే ఉంటుంది," అని బాబాయి వెనక తలుపు తెరిచి ఒక తీగ ఊడదీశాడు. తెర నల్లబడింది. లోపల ఎక్కడో ఆకుపచ్చ దీపం చిన్నది, మిణుకుమిణుకుమంటూ మిగిలింది.

నిదానం పని చూస్తుంటే కళ్ళు తిప్పుకోలేం. బయటికున్న తీగ ప్రతిదానికీ రబ్బరు చుట్టాడు. తెర మీద అట్ట, దాని మీద నా బొంత. అప్పుడు మనవరాలి వైపు తిరిగి, "మోయడం వద్దు, తోద్దాం. మీరు ఆ పక్కన. నేను నిదానం అన్నప్పుడు ఊపిరి కూడా నిదానంగానే," అన్నాడు.

"ఊపిరికీ మీ రూలేనా?"

"ఈ పది అడుగులకే."

యంత్రాన్ని చక్రాల పీట మీదికి ఎక్కించి, యూపీఎస్‌ను దాని పాదాల దగ్గరే కట్టారు. పలకల మీదుగా వ్యాన్లోకి తోశారు. పడుకోబెట్టనే లేదు, గోడకి ఆనించి, నిలువునా, నాలుగు పట్టీలతో బిగించాడు. పసిపిల్లని కుర్చీలో కట్టినట్టు. వ్యాన్ ఇంజన్ మీద నడిచే ఇన్వర్టర్ నుంచి యూపీఎస్‌కి కరెంటిచ్చాడు. పార్లర్ బాబాయి అందాకా నిలబడి, యంత్రం పక్కన చెయ్యి వేసి, "వెళ్ళి రా," అన్నాడు. ఆ మాట వినగానే నేను సీట్లోకి ఎక్కేశాను.

దారిలో వాన అందుకుంది. అద్దం మీద వైపరు అటూ ఇటూ ఊగుతుంటే వీళ్ళిద్దరి మాటలూ నా ముక్కు ముందు నుంచి అటూ ఇటూ పోయాయి. నేను నవల తెరిచి పెట్టుకున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు.

"మీరెప్పుడూ ఇంత స్లోగానే నడుపుతారా?"

"మీకు కోపం వచ్చినప్పుడు ఇంకొంచెం స్లోగా."

"నాకిప్పుడు కోపం లేదు."

"అయితే ఈ స్పీడు నాది."

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. వీధి మొత్తం కరెంటు లేదు. అది చాలనట్టు, యంత్రం గుమ్మంలో ఇరుక్కుంది. మనవరాలు గుమ్మాన్ని మూడుసార్లు కొలిచింది గానీ తలుపుని ఒక్కసారీ కొలవలేదు. మా తలుపు గోడ వరకూ తెరుచుకోదు, పైగా దాని పిడి ఒకటి లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. వ్యాన్ తీగ అంతవరకూ అందదని తీసేశారు, దాంతో యూపీఎస్ కీ... కీ... అని అరవడం మొదలెట్టింది.

"ఎంతసేపు ఆగుతుందది?" అన్నాను.

"పావుగంట. తలుపుకి అయిదు నిమిషాలు చాలు," అన్నాడు నిదానం.

"నేను తలుపు మర్చిపోయాను. నేను. మిల్లీమీటర్లు కొలిచి చచ్చి..." మనవరాలి కళ్ళలో నీళ్ళు.

"మేడమ్, స్క్రూడ్రైవర్ పట్టుకోగలరా?"

"అదే కదా నా ఉద్యోగం!"

"మరి కింది బందు మీది. పైది నాది."

వానలో, టార్చి వెలుగులో, ఇద్దరూ తలుపుని ఊడదీశారు. కింద కూర్చున్న మనవరాలి మీద వాన పడకుండా వాడు తన వీపు అడ్డం పెట్టి నిలబడి పైబందు విప్పాడు. అది చూడలేదనుకున్నాడు. అది చూసింది. నేనూ చూశాను.

యంత్రం ముందుగదిలోకి వచ్చి గోడకి చేరింది. నిదానం వ్యాన్ను కిటికీ దాకా తెచ్చి, తీగని కిటికీలోంచి లోపలికి అందించాడు. కీ కీ ఆగింది. ఆకుపచ్చ దీపం బతికే ఉంది.

"ఇక వెళ్తానండీ," అనబోయి ఆగిపోయాడు. ఇంజన్ ఆగితే దీపం ఆగుతుంది. కరెంటు వచ్చేదాకా వాడికి కదలడానికి లేదు. వెళ్ళి వ్యాన్లోనే కూర్చున్నాడు.

మనవరాలు ఫ్లాస్కు పట్టుకెళ్ళింది. తీగ ఉండటంతో కిటికీ మూయడానికి వీల్లేదు, కాబట్టి నేను విన్నదాంట్లో నా తప్పేం లేదు.

"టీ."

"లోపలికెళ్ళండి, తడుస్తున్నారు."

"మీ డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు చేస్తున్నదేంటి?"

ఫ్లాస్కు మూత విప్పిన చప్పుడైంది.

"ఏమో. దీనికింకా పేరు పెట్టలేదు," అన్నాడు.

"ఎంతకీ కరెంటు రాకపోతే?"

"డీజిల్ ఉంది."

"అదీ అయిపోతే?"

"బంకు సందు చివరే. మీరు ఇంజన్ ఆగకుండా చూస్తే, నేను డబ్బా పట్టుకుని పరిగెత్తుతా."

"మీరు? పరిగెత్తుతారా?"

అది నవ్వింది. అన్నయ్య సంగతి తెలిసిన తర్వాత అలా గొంతెత్తి నవ్వడం నేను వినలేదు. కిటికీ దగ్గర నిలబడలేక లోపలి గదిలోకెళ్ళి కూర్చున్నాను.

కరెంటు వచ్చింది. ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. బాబాయి చూపించినట్టే మనవరాలు ప్లగ్గు గోడకి మార్చి, తెర తీగ తగిలించింది. తెర కాసేపు నల్లగా ఉండి, మెల్లగా వెలిగింది. అంకెల వరసలు వచ్చాయి. నేను తెలుగు సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. ఇంగ్లీషు రాదు.

"పైదేనా వాడిది? చదువు బాబూ, వాడి పేరు."

"ఏ... ఎమ్... ఎమ్," అని చదివాడు నిదానం.

"వాడి పేరు అది కాదే!" అన్నాను.

మనవరాలు వచ్చి నా భుజం పట్టుకుంది. "అన్నయ్య పేరు కాదు. నీదే. అమ్మమ్మ అని కొట్టబోయాడు. మూడక్షరాలే పట్టాయి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"చెబితే రోజూ పోయి ఆ పార్లర్లోనే కూర్చునేదానివి."

కూర్చునేదాన్నే. నేను అద్దం మీద ఆ మూడక్షరాల దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా ఉంది.

వెనక నిదానం తుమ్మాడు. నిలువునా తడిసి, ముందుగది మధ్యలో మడుగు కట్టి నిలబడ్డాడు. నేను సంచి అడుగు వరకూ చెయ్యి పెట్టి, నీలం స్వెట్టరు తీశాను.

"అమ్మమ్మా..." అంది మనవరాలు.

"వేసుకో బాబూ," అన్నాను.

వాడు ఒకసారి మనవరాలి వంక చూసి, రెండు చేతులతో అందుకున్నాడు. చేతులు కాస్త పొట్టయ్యాయి. భుజాలు సరిగ్గా సరిపోయాయి.

వారం తిరక్కుండానే వ్యాన్ మళ్ళీ వాకిట్లో ఆగింది.

"తలుపు మేమే కదా బిగించాం, చప్పుడేమైనా చేస్తోందేమో చూద్దామని వచ్చానండీ."

"చేయట్లేదు," అన్నాను నేను.

"చేస్తోంది," అంది మనవరాలు, అదే క్షణంలో.

ఆ తలుపుని వాడు ఎన్నిసార్లు బాగుచేశాడో! ఒకరోజు నేనే అడిగాను: "బాబూ, నీకు కావాల్సింది తలుపా, తలుపు మర్చిపోయిన పిల్లా?" వాడు చెవుల దాకా ఎర్రబడి, "మీరు సరేనంటే, బామ్మగారూ, రెండోదే," అన్నాడు. లోపల గదిలో ఏదో కిందపడింది. నేను సరేనన్నాను.

ఇప్పుడు వాడు దూరం బాడుగకి వెళ్ళినప్పుడల్లా సంచి నేనే సర్దుతాను. స్వెట్టరు మాత్రం వాడే అడిగి పెట్టించుకుంటాడు. సాయంత్రం సందు మలుపులో వ్యాన్ చప్పుడు వినపడేదాకా నవలలో అదే పేజీలో ఉంటాను. చప్పుడు వినపడుతుంది. వాడు వస్తాడు. యంత్రం ముందుగదిలో వెలుగుతూనే ఉంది, ప్లగ్గు ఎవరూ తీయలేదు.

నా మనవడు ఆగస్టు నెలలో ఒక సోమవారం పొద్దున వెళ్ళాడు. అక్టోబరులో ఓడ మునిగింది. వాడు తిరిగి రాలేదు.