పిట్టల చరణం

చర్చిలో పంట పండుగ సగానికి వచ్చింది. ముందున్న బల్ల చుట్టూ జనం కానుకగా తెచ్చిన ఉల్లిగడ్డల బస్తాలు, పసుపు కొమ్ములు, వడ్ల కంకులు, ఒక పెద్ద గుమ్మడికాయ ఉన్నాయి. కాళ్లు కట్టేసిన కోళ్లు కూడా ఉన్నాయి. ఆ కోళ్ల పక్కనే కొత్త కీబోర్డు. దాని వెనక జెస్సీ.

జెస్సీ ఆరో తరగతి చదువుతోంది. వాళ్ల ఊరు మైదుకూరుకు దగ్గర. వేసవి సెలవుల్లో కడపలో పిన్నమ్మ ఇంట్లో ఉండి కీబోర్డు నేర్చుకుంది. చర్చికి కీబోర్డు వచ్చినప్పటి నుంచి ఆ పిల్లను పట్టుకునేవాళ్లు లేరు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టుందని వాళ్లమ్మ ప్రేమజ్యోతి నవ్వేది.

"విశ్వాసమ్మా, పాట ఎత్తుకోమ్మా" అన్నారు పాస్టరు నెహెమ్యా అయ్యగారు.

ముందు వరసలో కూర్చున్న విశ్వాసమ్మ మెల్లగా లేచింది. ప్రతి ఏడూ పంట పండుగకు ఈ పాట ఎత్తుకునేది ఆమే. అది పుస్తకంలో ఉండే పాట కాదు. ఆమె నాయన కల్లంలో పని చేస్తూ కట్టిన పాట. ఆమె ఒక పంక్తి పాడి ఆగుతుంది. అందరూ ఆ పంక్తిని అందుకుని పాడతారు. ఆ తర్వాత ఆమె ఇంకో పంక్తి పాడుతుంది. ఏడాదికి ఒక్కసారి, ఈ ఒక్క రోజే.

జెస్సీకి మాత్రం ఆ పాట అంటే విసుగు. ఎద్దులబండి లాగా ఎప్పటికీ ఊరు చేరదు. ఆమెకు ఇష్టమైనవి బీట్ పాటలు. పెదనాన్న కొడుకు శామ్ రోజూ ఫోన్‌లో కొత్తవి వినిపించేవాడు. ఈసారి పాటను కొంచెం హుషారు చేద్దామని ఇద్దరూ ముందే అనుకున్నారు. ఈ సంగతి విశ్వాసమ్మకు చెప్పాలని ఇద్దరికీ తోచలేదు. శామ్ చేతిలో మైకు ఉంది. వీడియో కోసం ఫోన్‌ను కిటికీలో నిలబెట్టాడు.

"ఎండిన చేనును మరువని తండ్రీ..." అని విశ్వాసమ్మ అందుకుంది.

జెస్సీ రిథమ్ బటన్ నొక్కింది. డప్పులూ తాళాలూ ఒక్కసారిగా మోగాయి. శామ్ మైకులో పాట మొదలుపెట్టాడు. అందరూ కీబోర్డు వెంటే పాడారు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

విశ్వాసమ్మ ఒక పంక్తి వెనకబడింది. కాసేపటికి రెండు పంక్తులు వెనకబడింది. ఆమె పాడి ఆగితే అందుకునేవాళ్లు లేరు. శామ్ జెస్సీ వైపు చూసి కన్ను గీటాడు. జెస్సీకి నవ్వు ఆగలేదు. పైకే కిసుక్కున నవ్వింది. నవ్వి, వాల్యూమ్ ఇంకొంచెం పెంచింది.

మూడు చరణాలు అయ్యాక జెస్సీ పల్లవికి వచ్చేసింది. ఆ పల్లవినే మళ్లీ మళ్లీ వాయించింది. విశ్వాసమ్మ కళ్లు మూసుకుని ఇంకా ఏదో పాడుతూనే ఉంది. కీబోర్డు ఆగేసరికి ఆమె కూర్చునేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటేమో అనుకుంది జెస్సీ.

బయట అందరూ జెస్సీని మెచ్చుకున్నారు. ఆ రోజు ఆమెకు అన్నం కూడా సరిగ్గా సయించలేదు, అంత సంబరం.

తర్వాతి ఆదివారం విశ్వాసమ్మ వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చుంది. అయ్యగారు ఏదైనా కీర్తన ఎత్తుకోమన్నారు.

"నాకెందుకులే అయ్యా. పిల్లోల్లు బాగా పాడతాండారు కదా" అంది ఆమె. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని జెస్సీకి చాలా రోజుల తర్వాత అనిపించింది.

ఒక సాయంత్రం ప్రేమజ్యోతి వాకిట్లో ఎండిన మిరపకాయలు ఏరుతూ ఆ పంట పాటే కూనిరాగం తీస్తోంది. మూడో చరణం అయ్యాక ఆగిపోయింది.

"ఇంకోటి ఉండల్ల. నాలుగోది. ఎట్లా వస్తాది అది?" అని తనలో తాను అనుకుంది.

"నాలుగోది ఉందా?" అంది జెస్సీ.

"ఉండాది. ఆయమ్మ పాడితే మేము ఎనకాల పాడతాము. మొదటి మూడు మాకు నోటికి వచ్చె గానీ అది రాలే. విశ్వాసమ్మ అత్తకు ఒక్కదానికే వచ్చు. మొన్న పండగలో పాడినట్టే ఉండె, మీ గోలలో నాకు ఇనపడలే."

జెస్సీ లేచింది. శామ్ దగ్గరికి పోయి ఫోన్ తెచ్చుకుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రోజు వీడియో చూసింది.

డప్పు వినిపించింది. శామ్ గొంతు వినిపించింది. పాట మధ్యలో ఒక నవ్వు వినిపించింది. ఎవరు నవ్వారా అని వెనక్కి జరిపి మళ్లీ విన్నది. అది తన నవ్వే. ఇంట్లో ఎవరూ చూడకపోయినా ఆమెకు సిగ్గేసింది. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

చివరి పల్లవి దగ్గర, డప్పుల అడుగున, సన్నగా ఒక గొంతు ఉంది. జెస్సీ కళ్లు మూసుకుని, చెవులు గట్టిగా నొక్కుకుని విన్నది. ఎన్నిసార్లు విన్నా ఒక్క మాటే దొరికింది. "పిట్టలు." ఆ వెంటనే డప్పు మోత. ఆ మోత పెంచింది తనే.

మరుసటి రోజు బడి అయిపోగానే జెస్సీ విశ్వాసమ్మ ఇంటికి పోయింది. ఆమె గడప దగ్గర కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"ఏం పాపా, ఇట్లా వచ్చినావు?"

జెస్సీ దారి పొడుగునా మాటలు కూర్చుకుని వచ్చింది. అవన్నీ ఎక్కడికో పోయాయి.

"అవ్వా, ఆ పొద్దు నేను నవ్వినాను" అంది.

"ఇనపడిందిలే" అంది విశ్వాసమ్మ. కాసిన్ని గింజలు జెస్సీ చేతిలో పోసింది. "కూచో."

జెస్సీ కూర్చుంది కానీ గింజలు తినలేకపోయింది.

"ఏందో ఒకటి వింటా ఉంటారు కదా మీరు, చెవుల్లో పెట్టుకుని. నీకు బాగా నచ్చినది ఒకటి నాకు వినిపీ" అంది విశ్వాసమ్మ.

జెస్సీ శామ్ ఫోన్ తీసి, ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టింది. రెండోది తను పెట్టుకుంది. తనకు అన్నిటికంటే ఇష్టమైన పాట పెట్టింది. విశ్వాసమ్మ ఒలవడం ఆపి, పాట అయ్యేదాకా కదలకుండా విన్నది. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

"శానా బిరబిరా పోతాండాడు. ఈ పిల్లోడు ఊపిరి యాడ పీల్చుకుంటాడు పాపా?" అంది చివరికి. "తాళం మాత్రం బాగుండాది. మా చిన్నప్పుడు పీర్ల పండగకు డప్పులు కొడతాంటే నేను అన్నం మానుకుని పోతాంటి. పెండ్లిళ్ల మైకుసెట్టులో సినిమా పాట ఒకటి నచ్చితే, అది మళ్లీ వేసేదాకా ఆడనే నిలబడుకుంటాంటి. నాటకాల పద్యాలు సరేసరి. మా నాయన తిడతాండె, మళ్లీ ఆయనే వచ్చి నా పక్కన నిలబడతాండె."

జెస్సీకి ఆశ్చర్యం వేసింది. అవ్వకు ఆ ఒక్క పాటే తెలుసని అనుకుంది ఇన్నాళ్లూ. ఏ పాటంటే ఇష్టమని ఎప్పుడూ అడిగింది లేదు.

"అవ్వా, పంట పాటలో నాలుగో చరణం నేర్పిస్తావా? పిట్టలది."

విశ్వాసమ్మ చేతులు దులుపుకుంది. పల్లవి ఎత్తుకుంది. జెస్సీ అందుకుంది. మొదటి చరణం, రెండోది, మూడోది. జెస్సీ మూడోది పాడి ఆగింది. విశ్వాసమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసింది.

"ఇంకోతూరి పాడు."

పాడారు. ఈసారి కూడా అక్కడే ఆగింది.

"నేను దాన్ని ఇడిగా ఎప్పుడూ పాడలే పాపా. గుడినిండా జనం మూడోది అందుకుంటాంటే, ఆ ఊపులో నాలుగోది దానంతట అదే నోట్లోకి వస్తాండె. మొన్న కూడా వచ్చె. ఎవరూ అందుకోలే. సగంలో గొంతు పూడుకుపోయె. ఆ పొద్దు నుంచి ఎంత తవ్వినా దొరకలేదు."

"మొత్తం పోయిందా అవ్వా?"

"కల్లంలో రాలిన గింజలు ఊడ్చగాకండి, పిట్టలకు ఇడిసిపెట్టండి అని మా నాయన అంటాండె. ఆ మాటే చరణం చేసినాడు. సంగతి గుర్తుండాది. మాటలు రాలేదు."

జెస్సీ ఏడ్చింది. విశ్వాసమ్మ ఊరుకోమని అనలేదు. ఏమీ కాలేదని కూడా అనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆమె మళ్లీ కాయలు ఒలవసాగింది. కాసేపటికి జెస్సీ కూడా చెయ్యి వేసింది.

ఆ రోజు నుంచి జెస్సీ తరచూ ఆ ఇంటికి పోయేది. తన పాట ఒకటి వినిపించేది. అవ్వ పాట ఒకటి వినేది. అవ్వ పాడే పాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేసింది, చివరి మాట దాకా ఆగి. నాలుగో చరణం మాత్రం రాలేదు.

మళ్లీ పంట పండుగ వచ్చింది. బల్ల చుట్టూ మళ్లీ ఉల్లిగడ్డలు, పసుపు, కోళ్లు. జెస్సీ వెనక వరస దాకా పోయి, విశ్వాసమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. అవ్వ నిలబడ్డాక తను కీబోర్డు దగ్గర కూర్చుంది. రిథమ్ బటన్ జోలికి పోలేదు.

విశ్వాసమ్మ ఒక పంక్తి పాడి ఆగింది. చర్చినిండా జనం అందుకున్నారు. వాళ్ల వెనక జెస్సీ మెల్లగా వాయించింది. ఎద్దులబండి నడకే. ఆ నడకలో అందరి గొంతులూ విడివిడిగా వినిపించాయి. వాళ్లమ్మది, శామ్‌ది, అవ్వది.

మూడో చరణం అయిపోయింది. పల్లవి కోసం శామ్ ఊపిరి పీల్చుకున్నాడు. జెస్సీ అతని వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

విశ్వాసమ్మ కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఒక చరణం పాడేంత సేపు అందరూ ఆమె కోసం ఆగారు.

చరణం రాలేదు.

విశ్వాసమ్మ కళ్లు తెరిచి జెస్సీని చూసింది. చిన్నగా తల ఊపి పల్లవి ఎత్తుకుంది. జెస్సీ కళ్లు తుడుచుకుని, ఆమె పంక్తి పూర్తి అయ్యేదాకా ఆగి, అప్పుడు కీబోర్డు మెట్ల మీద వేళ్లు పెట్టింది.

ఆరాధన అయ్యాక మగవాళ్లు బస్తాలు ఎత్తుకుపోయారు. బల్ల చుట్టూ వడ్లు రాలి ఉన్నాయి. ప్రేమజ్యోతి చీపురు తెచ్చింది.

"ఉండమ్మా" అంది జెస్సీ.

ఆ గింజలన్నీ దోసిట్లోకి ఎత్తుకుంది. బయటికి పోయి, చర్చి గోడ పక్కన పిట్టలు వాలే చోట చల్లింది.