మూసేసిన పైకొండ

"మీ గొర్రెలకి కంచె కనపడదా?"

"బోర్డు చదవడం రాదు సార్ వాటికి. బడికి పంపలేదు."

బోడికొండ మీద ఒకప్పటి మొక్కల్ని మళ్ళీ పెంచడానికి వచ్చిన ఆఫీసరు కుర్రాడికి నవ్వాగలేదు. మందను కాసే ఆ అమ్మాయి మాత్రం కర్ర ఝళిపించి గొర్రెల్ని మళ్ళించుకుపోయింది. అతనికి 'మొక్కల సారు' అని పేరూ పెట్టేసింది.

ఆ తర్వాత రోజూ గొడవే. ఒకనాడు వాన ముంచుకొచ్చి ఇద్దరూ ఒకే వాలుబండ కింద ఇరుక్కున్నారు. తడిసిన ఉన్ని వాసనకి అతను ముక్కు మూసుకోబోయి, ఆమె చూపు తగిలి మానేశాడు.

"కంచె వేసిన ఈ పైకొండని రెండేళ్ళు వదిలెయ్యండి. పొదలు కాస్త లేచాక వంతులవారీగా మేపుకోవచ్చు. ప్రామిస్."

"ఆఫీసు మాటా, మీ మాటా?"

"నా మాట."

ఆ మాట పట్టుకునే ఆమె నాన్నతో పోట్లాడింది. ఎగిరెగిరిపడ్డ ఆయన చివరికి కూతురి మొహం చూసి మెత్తబడ్డాడు. కింద మేత చాలక సగం మందను అమ్మేశారు. అయినా ఆమె రోజూ కంచె దాకా వెళ్ళేది. ఊదాపూల పొద తిరిగొచ్చిందని అతను చిన్నపిల్లాడిలా చూపిస్తుంటే, పూలని వదిలేసి అతన్నే చూసేది. వాళ్ళ మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

రెండేళ్ళు నిండగానే ఆఫీసు పైకొండను శాశ్వతంగా మూసేసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వేసవిలో." అతను తలెత్తలేదు. "చెబితే నువ్వు రావడం మానేస్తావని..."

"అవతలి కొండ మేతను అప్పటికి ఎవరూ తీసుకోలేదు. అడిగితే మాకే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడది వేరేవాళ్ళది."

మిగిలిన మంద కూడా లారీ ఎక్కింది.

ఆ వారమే అతను ఇంటికొచ్చి, ఆమె నాన్న ఎదుట చేతులు కట్టుకుని పెళ్ళి మాటెత్తాడు. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"కోపం నాకూ ఉందే తల్లీ. కానీ నువ్వంటే ప్రాణం పెడుతున్నాడు. నీకిష్టమైతే నేనడ్డు చెప్పను."

ఆమె గుండె ఒక్కసారి అతని వైపే దూకింది. దాన్ని పట్టి ఆపుకుంది.

"కొండ మూసినందుకు కాదు సార్."

ఇన్నాళ్ళకి మళ్ళీ ఆ 'సార్' విని అతను ఉలిక్కిపడ్డాడు.

"ఆ పూలు నాకూ నచ్చాయి. కానీ మా బతుకు పోతుందని తెలిసీ మీరు నాతో నవ్వుతూ కబుర్లు చెప్పారు. ఇక మీరెప్పుడు నవ్వినా ఏం దాస్తున్నారో అనుకుంటాను. అలా కాపురం చెయ్యలేను."

అతను చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

"పిలవనా?" అన్నాడు నాన్న.

"వద్దు," అంది. అతను వీధి మలుపు తిరిగేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. తర్వాత ఖాళీ దొడ్డిలోకి వెళ్ళి, తడిక వేసుకుని, వెక్కివెక్కి ఏడ్చింది.