ఆండాళమ్మ ఉక్కు దవడ

నీళ్ల ట్యాంకర్లు ఆగిపోయిన ముప్ఫై అయిదో రోజు పొద్దున్న ఆండాళమ్మ గుమ్మం ముందు మొదలైన క్యూ లిఫ్టు దాటి, మెట్లు దిగి, పాతాళం దాకా పోయింది. అందరి చేతుల్లోనూ ఖాళీ బక్కెట్లే. అందరూ వచ్చిన పని కూడా ఒక్కటే: ఆవిడ ఒళ్లు మండించడం.

"మీ పులిహోర తింటే ఆకలి చచ్చిపోతుందండీ," అంది మూడో అంతస్తు సుభాషిణి.

"తిన్నందుకు నీకే దండం పెట్టాలమ్మా," అంది ఆండాళమ్మ నవ్వుతూ.

"మీరు పాడితే మా చిలక స్పృహ తప్పి పడిపోతోంది!"

"పాపం, పాట అయ్యాక కాసిని నీళ్లు చల్లు."

"నీళ్లేవీ!" అని సుభాషిణి ఏడుపు లంకించుకుంది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ అప్పలనాయుడు ఫోనులో సెల్లారు వాచ్‌మన్ని అడిగాడు. "ఏరా, కదిలిందా?"

"నేదు బాబూ. ఉలుకూ నేదు, పలుకూ నేదు."

మధురవాడలోని ఆ పన్నెండంతస్తుల మేడకు ట్యాంకర్లు రాక నెల దాటింది. కరెంటు కోతలతో బోరు మోటారు పడుకుంది. పిల్లలు కొబ్బరినీళ్లతో పళ్లు తోముకుంటున్నారు. ఒకాయన మజ్జిగతో గడ్డం గీసుకుని బ్యాంకు పనికి వెళ్లాడు.

ఈ నెలంతా వాళ్లను బతికించింది ఆండాళమ్మ దవడే.

ఏడాదిగా ఆవిడ నోరు ఒక్క వేలు మించి తెరుచుకోలేదు. నిద్రలో ఆవిడ పళ్లు కొరికితే, ఎవరో గోడకు డ్రిల్లింగ్ చేస్తున్నారని కింది ఫ్లాటువాళ్లు కంప్లయింటు ఇచ్చారు. వేడి కాపడాలు, మెత్తటి తిండి, దవడ వ్యాయామాలు, పళ్లకు తొడిగే మామూలు స్ప్లింట్ అన్నీ అయ్యాయి. ఇడ్లీని కూడా మజ్జిగలో కలిపి స్ట్రాతో పీల్చే గతి పట్టింది. చివరికి డెంటిస్టు నస్రీన్ నోట్లో అమర్చే ఒక పల్చటి ప్లేటూ, దున్నపోతు తలంత ఉక్కు దవడా పట్టుకొచ్చింది.

"చెవి ముందు దవడ కీలు ఉంటుందమ్మా. అందులో చిన్న మెత్తలాంటి డిస్క్. మీరు పళ్లు బిగబట్టి బిగబట్టి కండరాలు రాయి అయ్యాయి, డిస్క్ పక్కకు జరిగింది. ఇక నుంచి కొరకమని మెదడు పంపే ఆర్డరును ఈ ప్లేటు దారిలోనే పట్టుకుని, వైర్‌లెస్‌లో ఉక్కు దవడకు పంపిస్తుంది. మీ బదులు అది కొరుకుతుంది. మీ కండరాలకు సెలవు."

మొదటి రోజే ఉక్కు దవడ బాల్కనీ ఊచల్ని చెరుకు గడల్లా నమిలేసింది. అప్పలనాయుడు కళ్లారా చూశాడు. దాన్ని నలుగురి చేత సెల్లారుకు మోయించి బోరు పంపుకు బిగించాడు. ఆవిడ చిర్రెత్తి పళ్లు కొరకబోయినప్పుడల్లా నీళ్లు పన్నెండంతస్తులూ ఎక్కాయి. వెంటనే ఎవరు ఏ గంటకు వెళ్లి ఆవిడను చిరాకు పెట్టాలో నోటీసు బోర్డు మీద జాబితా వెలసింది. కానీ దవడ వదులయ్యే కొద్దీ ఆవిడకు చిరాకూ తగ్గి, పంపు కదలడం మానేసింది.

ఇప్పుడు ఆ నస్రీనే క్యూను తోసుకుంటూ లోపలికి వచ్చింది. ఆండాళమ్మ నోట్లో వేళ్లు నిలువునా పెట్టి కొలిచింది.

"రెండున్నర వేళ్లు! మూడు వేళ్లు పడితే మామూలు నోరే. ఇంకో అయిదు రోజులు మెదడు ఆ ఆర్డరు పంపకుండా ఉందంటే ప్లేటు తీసేస్తాను. ఒక్కసారి ప్లేటు పట్టలేనంత గట్టిగా పంపిందా, దవడ మళ్లీ బిగుసుకుంటుంది, మొదటి రోజు నుంచి మొదలు."

"మరి నీళ్లో, డాక్టరమ్మా?" అన్నాడు అప్పలనాయుడు.

"నేను దవడల డాక్టర్ని, నాయుడుగారూ."

అయిదు రోజులు. ఆండాళమ్మ ప్రాణాలన్నీ ఆ అయిదు రోజుల్లోనే ఉన్నాయి. ఎవరేమన్నా నవ్వాలి. తిట్టినా, తన్నినా నవ్వాలి. మళ్లీ స్ట్రా పట్టుకోవాల్సి వస్తే తను బతకదు.

అప్పలనాయుడు చుట్టూ చూశాడు. జాబితాలో లేనివాడు ఒక్కడే మిగిలాడు, ఆవిడ మొగుడు పరాంకుశం. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో పెళ్లాన్ని పల్లెత్తు మాట అనని మహానుభావుడు.

"బాబుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. అమ్మగారిని ఒక్క మాటనండి. పసిపిల్లలున్నారు ఇళ్లలో."

ఆండాళమ్మ నవ్వుకుంది. ఈయన చేతకానితనమే తనకు రక్ష.

పరాంకుశానికి చెమటలు పోశాయి. బక్కెట్ల వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు.

"నన్ను తిట్టమంటున్నారు ఆండాళ్లూ. తిట్టమంటావా, మానమంటావా? నీ ఇష్టం."

సెల్లారులో పిడుగు పడ్డట్టయింది. పైపులు పెళపెళమన్నాయి. పైన ట్యాంకు నిండి, పొర్లి, మెట్ల మీద జలపాతమై దూకింది. జనం చీరలూ లుంగీలూ తడుపుకుంటూ గెంతారు. "బాబుగారికి జై!" అంటూ అప్పలనాయుడు జాబితాలో పేర్లన్నీ కొట్టేసి, రేపటి నుంచి పొద్దున్నా సాయంత్రం ఒక్క పరాంకుశం పేరే రాశాడు.

నస్రీన్ మళ్లీ కొలిచింది. చూపుడు వేలు ఒక్కటే పట్టింది. బ్యాగు సర్దుకుంది.

అందరూ బక్కెట్లు నింపుకుని వెళ్లాక పరాంకుశం మెల్లిగా కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే... ఇన్నేళ్లూ నా మాటకేనా?"

ఆండాళమ్మ కళ్లు నిండాయి. పళ్ల సందు నుంచి మాట పిండుకుంది.

"చీర కొన్నా నా ఇష్టం, పిల్లను ఎవరికిచ్చినా నా ఇష్టం, అమ్మ పోతుంటే ఆపరేషను వద్దనడమూ నా ఇష్టమే. అన్నీ నా నెత్తినే వేశారు. పోనీండి. రేపు ఆరింటికి ఆ మాట అంటారా, అనరా? అటు అరవై కొంపల నీళ్లు, ఇటు నా నోరు. ఈ ఒక్కటీ మీరు తేల్చండి. మీకు పుణ్యముంటుంది."

పరాంకుశం చాలాసేపు ఆలోచించాడు. తల దించాడు, ఎత్తాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆండాళమ్మ ఊపిరి బిగబట్టి ఆయన పెదాల వంకే చూసింది.

"నువ్వెలా అంటే అలాగే, ఆండాళ్లూ," అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

కింద పంపు మళ్లీ మొదలైంది.