వంతెన మీద ఎక్కిన బరువు

అబద్ధమనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి, దించే పూచీ నాది. నేను కథ మొదలుపెడితే మా లంపాంగ్ ఊరి జట్కా గుర్రాలు గడ్డి నమలడం మానేసి చెవులు నిక్కించేవి. అయినా దీనికి నా గొప్పలేమీ అక్కర్లేదు. ఇది పట్టపగలు జరిగింది.

టెక్నికల్ కాలేజీలో రిన్ అనే అమ్మాయి, చాత్ అనే కుర్రాడు కలిసి చివరి పరీక్ష కోసం మోటారుతో నడిచే తోపుడుబండి ఒకటి తయారుచేశారు. సంతలో కూరగాయలమ్మే ఆడవాళ్ళకని. బల్ల కింద తూకం, పక్కన ఎర్ర అంకెల డబ్బా. బరువెంతో చూసుకుని మోటారు తనే బలం పెంచుకుంటుంది. ఇసుక బస్తాలు మొయ్యలేక వాళ్ళే వంతులేసుకుని ఎక్కి కూచునేవాళ్ళు. చాత్ యాభై ఎనిమిది కిలోలు. రిన్ నలభై ఏడు.

"నువ్వెక్కినట్టు బండికి తెలియడమే లేదు! అన్నం తింటున్నావా, గాలి పీలుస్తున్నావా?" అని ఏడిపించేవాడు చాత్.

"ముందు నువ్వు దిగరా, చక్రాలు ఏడుస్తున్నాయి."

నెల కిందట, కాలేజీ ఎదుటి కాలువ వంతెన మీద లారీ కొట్టి చాత్ పోయాడు.

దారిలో పోయినవాడి ప్రాణం దారిలోనే ఆగిపోతుంది. పేరు పెట్టి పిలిచి, వంతెన వస్తే వంతెన, మలుపొస్తే మలుపు చెబుతూ గుడిదాకా తీసుకెళ్ళాలి. ఆ రోజు అగరొత్తులు పట్టుకుని, చాత్ శవం పక్కన ట్రక్కు వెనక కూచున్నది రిన్. ఒక్క మాటా అనలేదు. ఏడవనూ లేదు. పన్ను పీకే ముందు మందిచ్చిన దవడలా ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

చాత్ తల్లి అతని ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారు విప్పించి ఇచ్చింది. "దీన్నే పెట్టమ్మా. సర్టిఫికెట్ మీద వాడి పేరు పడితే చాలు."

పరీక్షలో బండి రెండు వందల కిలోలతో వంతెన దాటి, ఎడమకి తిరిగి, మిట్ట మీది గుడి దగ్గరికి ఎక్కాలి. లేకపోతే రెండు పేర్లూ పోయినట్టే.

"పరీక్షకింకా గంటుంది. ఓసారి ఖాళీగా ఎక్కించి చూస్తా, బాబాయ్," అంది రిన్, స్టోరు చూసే బూన్‌సోమ్‌తో.

"వానొచ్చేలా ఉంది తల్లీ, బండి మీద టార్పాలిన్ కప్పి తీసుకుపో."

వంతెన మీద గాలి లేదు. కాలువలోంచి తుప్పు వాసన, కుళ్ళిన మల్లెపూల వాసన. మధ్యలో బండి ఆగింది. స్ప్రింగులు కిర్రుమన్నాయి.

సున్నా... యాభై ఎనిమిది.

రిన్‌కి భయం వెయ్యలేదు. భయం ఎక్కడో పక్కవీధిలో ఉన్నట్టుంది.

"వంతెన దాటుతున్నాం," అని గొణిగింది. "రా."

పేరు చెప్పలేదు. నాలుక తిరగలేదు.

బండి కదిలింది. మళ్ళీ కిర్రు... నూట ఇరవై. మళ్ళీ... నూట అరవై ఎనిమిది. ఆ వంతెన మింగింది చాత్ ఒక్కణ్ణే కాదు కదా. రెండు వందల మూడు. చివర ఎక్కింది ముప్పై అయిదే. చిన్నపిల్ల.

టైర్లు అణిగిపోయాయి. చెవి పక్కన చాత్ గొంతు, గుసగుసగా.

"వీళ్ళందర్నీ ఎందుకు పిలిచావే?"

"చాత్... ఎడమకి తిరుగుతున్నాం," అంది రిన్.

పైన, ముందే వచ్చేసిన పరీక్షాధికారి గొడుగు కింద నిలబడి ఉన్నాడు. అంకె చూశాడు. సంతకం పెట్టాడు. టార్పాలిన్ ఎత్తలేదు. ఆయన జన్మలో చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆయన వెళ్ళాక రిన్ అంది, "చాత్, గుడి వచ్చింది. దిగు."

అంకె తగ్గింది. నూట నలభై అయిదు. అక్కడే ఆగింది. మిగిలిన ముగ్గురి పేర్లు ఆమెకి తెలియవు.

బండిని తిరిగి తెచ్చి స్టోరులో పెట్టి, ఒక్కతే వంతెన దాటి ఇంటికి బయల్దేరింది.

మర్నాడు రిన్ కాలేజీకి రాలేదు. ఇంటికీ చేరలేదట. టార్పాలిన్ ఎత్తితే బల్ల ఖాళీ. అంకె మాత్రం నూట నలభై అయిదు కాదు... నూట తొంభై రెండు. తేడా నలభై ఏడు.

ఆ అంకె చదివినవాడు స్టోరు గుమాస్తా. ముందురోజు సాయంత్రం బండి బ్యాటరీ విప్పి బీరువాలో పెట్టి తాళం వేసిందీ ఆయనే. వెళ్ళి అడగండి. పేరు బూన్‌సోమ్ ఖామ్‌ఫాన్.