పోస్టుమాస్టరు పోస్టు చేసిన ఉత్తరం

"ఏంది సార్ గిది? ఇంటర్వ్యూ నాలుగో తారీఖు. కార్డు తొమ్మిదిన ఇస్తరా?"

సుభాషిణి కార్డును కౌంటరు మీద కొట్టింది. 1984 వానాకాలం, బయట చినుకులు, లోపల ఉరుములు. జనగామకు దగ్గర్లోని ఆ ఊరి పోస్టాఫీసులో ఉత్తరాలకు తొందరుండదు.

పోస్టుమాస్టరు విద్యాసాగర్ తలెత్తలేదు. అతనికి ఆమె మీద అలక. మార్చిలో ఆమెకు నాలుగు పేజీల ప్రేమలేఖ రాశాడు. చేతికిచ్చే ధైర్యం లేక స్టాంపు అంటించి, తన ఆఫీసు డబ్బాలో తనే వేసి, ముద్ర కూడా తనే కొట్టాడు. ఐదు నెలలైనా జవాబు లేదు. కాదని చెప్పడానికి ఒక కార్డు ముక్క కూడా దండగ అనుకుందని అతని బాధ.

"మా దగ్గర లేటు కాలే. పైనుంచే లేటుగ వచ్చింది."

"ముద్ర చూడున్రి. ఒకటో తారీఖుకే మీ ఆఫీసుల దిగింది. ఎనిమిది దినాలు చుట్టపుచూపుగ ఉన్నదా ఈడ?"

గోడకు నలభై గూళ్ళ చెక్క బీరువా ఉంది. వీధికొక గూడు. వాటిలో ముప్ఫై గూళ్ళు పాత ఉత్తరాలతోనే బిగిసిపోయాయి. ఊరొదిలిన వాళ్ళవీ, కాలం చేసినవాళ్ళవీ తిప్పి పంపాలి, కానీ విద్యాసాగర్‌కు మనసొప్పదు. కొత్తవన్నీ మిగిలిన పదింటిలో ఇరుక్కుని, పోస్ట్‌మాన్ ఎల్లస్వామి చేతికి దొరికినప్పుడే బయలుదేరతాయి.

"గివన్ని ఎందుకు దాసిన్రు?"

"ఎన్నడన్న వస్తరేమోనని."

సుభాషిణి ఒక కవరు లాగి చూసింది. "ఈయన మా తాత దోస్తు. పోయి ఆరేండ్లాయె. ఆయనొస్తే మీరు ఉత్తరమిస్తరా, ఉరుకుతరా?"

ఎల్లస్వామి అటు తిరిగి నవ్వాడు.

"నవంబర్ల మళ్ల ఇంటర్వ్యూ ఉన్నది. జర జరుగున్రి" అంటూ ఆమె లోపలికొచ్చేసింది. బయటివాళ్ళు రాకూడదని బోర్డు ఉంది. దాని ముందు పాత ఉత్తరాల కట్ట ఉండడం వల్ల ఎవరికీ కనబడలేదు.

తిప్పి పంపేవి ఒక పక్క, పంచేవి ఒక పక్క. గంటన్నర గడిచింది. వాళ్ళ వీధి గూడు అడుగున ఒక లావుపాటి కవరు దొరికింది. దాని మీద ఆమె పేరే ఉంది. విద్యాసాగర్ లాక్కోబోయేలోపే ఆమె చింపేసింది.

ఆమె నిలబడే నాలుగు పేజీలూ చదివింది.

"ఐదు నెలలు మూతి ముడుసుకున్నది గిందుకా?"

"జవాబు రాలేదని..."

"ఉత్తరమే రాలే, జవాబు ఎట్లొస్తది? మీ సొంత ఉత్తరం చేర్చుడు కూడ మీతోని కాకపాయె!"

ఆమె ఒక ఇన్‌లాండ్ కవరు కొని, చెయ్యి అడ్డం పెట్టుకుని రాసి, అంటించి, బయట డబ్బాలో వేసింది.

"రేపు పొద్దుగాల ఎల్లన్న చేతులకెల్లి మీకు రావాలె. రాకపోతే నేను రాయనే లేదనుకోన్రి. మధ్యల తీసి చదివిన్రో, మీకో దండం."

విద్యాసాగర్ ఆ సాయంత్రానికల్లా ముప్ఫై గూళ్ళూ ఖాళీ చేశాడు. పోయినవాళ్ళ ఉత్తరాలు సంచుల్లో తిరుగుదారి పట్టాయి. ఒక్కటీ దాచుకోవాలనిపించలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే ఎల్లస్వామి గడపల్లో కనబడేసరికి, తంతి తెచ్చాడేమో, ఎవరు పోయారోనని ఊరు హడలిపోయింది. అందరివీ పంచి, చివరి ఉత్తరం పోస్టుమాస్టరు చేతిలో పెట్టాడు.

విద్యాసాగర్ విప్పాడు. లోపల రెండే ముక్కలున్నాయి.

"మా బాపుకు మాత్రం ఉత్తరం రాయకున్రి. నడిసొచ్చి అడుగున్రి."