నాన్న వేసే ముడి

అప్పటికి మా ఇంట్లో గోడకు మేకు కొట్టి ఏడు నెలలైంది. కుర్చీ జరపలేదు, మంచం కదపలేదు, ఆఖరికి చెప్పుల స్టాండు కూడా ఎక్కడిదక్కడే. అమ్మ ఆజ్ఞ మరి. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే, లోపలి బిడ్డను కాచే దేవుడు రోజుకో చోట కూర్చుంటాడట. ఒకరోజు తలుపులో, ఒకరోజు పొయ్యి దగ్గర, ఒకరోజు మంచం కింద. ఏ రోజు ఎక్కడో పంచాంగంలో రాసి ఉంటుంది. తెలియక ఆ వస్తువు కదిపామా, దెబ్బ బిడ్డకు తగులుతుంది.

"ఆ దేవుడికి ఒకచోట కాలు నిలవదా అమ్మా?" అన్నానొకసారి.

"నవ్వు నాయనా, నవ్వు. పోయినసారి సోఫా జరిపినప్పుడూ ఇలాగే నవ్వావు."

రెండేళ్ల కిందట మా మొదటి బిడ్డ ఆరో నెలలో కడుపులోనే పోయింది. నా భార్య యూరోంగ్ ఆస్పత్రి నుంచి వచ్చాక నెల్లాళ్లు గోడవైపు తిరిగే పడుకుంది. ఈసారి కూడా ఏమన్నా అయితే ఇక మనిషి లేవదు. అది అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే పైకి ఎంత ఎగతాళి చేసినా, నేనూ ఏదీ ముట్టుకోలేదు.

హాల్లో నాన్న చేపల తొట్టి ఉంది. అయిదడుగులది. అందులో ఆఫ్రికా సరస్సు చేపలు, సిక్లిడ్లు. నీలం, పసుపు, చారలు... దూరం నుంచి చూస్తే పండగ, దగ్గరికెళ్తే పోట్లాట. ఒక్కోదానికి ఒక్కో రాయి, దాని చుట్టూ జానెడు నేల. ఇంకోటి అటొస్తే తోక చీరేస్తుంది. అన్నిటికీ పెద్ద, నల్లచారల నీలం చేప. నాన్న వాణ్ణి ఛైర్మన్ అనేవాడు. నాన్నదీ అదే బాపతు లెండి. తన కుర్చీలో పిల్లి కూర్చున్నా సహించేవాడు కాదు.

కొత్త చేపను వదలడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ముందు రాళ్లన్నీ అటువి ఇటూ, ఇటువి అటూ మార్చేవాడు. "ఎవడి చోటేదో ఎవడికీ తెలీనప్పుడు, కొత్తోణ్ణి కొట్టే తీరిక ఎవడికుంటుందిరా?" తర్వాత లైటు ఆర్పేవాడు. చేప ఉన్న ప్లాస్టిక్ కవరును మూతి కట్టినట్టే నీళ్లమీద అరగంట తేలనిచ్చేవాడు, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా. ఆఖర్న ముడి విప్పి వదిలేవాడు. రబ్బరు బ్యాండంటే ఆయనకు గురి లేదు. ఎర్ర పురికొస మూడు చుట్లు చుట్టి, కొసలు రెండూ మడిచి కుందేలు చెవుల్లా నిలబెట్టి బిగించేవాడు. ఆ ముడి ఇంకెవరికీ రాదు.

నాన్న పోయి మూడేళ్లు. చివరి రోజుల్లో మంచంమీద ఒకటే పాట. "మనవడు పుడితే నా దగ్గరే పెరగాలి. మీకెవరికీ పెంచడం చేతకాదు."

ఛైర్మన్ ముట్టని చేప ఆ తొట్టిలో ఒక్కటే. వేలి గోరంత ఉంటుంది. రంగు రాలేదు, ఎదగనూ లేదు. రెండేళ్ల కిందట, యూరోంగ్ ఆస్పత్రి నుంచి వచ్చిన నెలలోనే, ఉన్నట్టుండి రాళ్లమధ్య కనిపించింది. ఈ చేపలు పిల్లల్ని నోట్లో దాచుకుంటాయి కదా, ఏ తల్లి నోట్లోంచో జారిపడి ఉంటుందిలే అనుకున్నాం. యూరోంగ్ దానికి బుడ్డోడని పేరు పెట్టి, రోజూ తనే మేత వేసేది.

ఆగస్టులో తుపాను నేరుగా తైవాన్‌లో మా ఊరు కావోషుంగ్ మీదికే వచ్చింది. ఆఫీసులకు సెలవిచ్చారు. కిటికీలకు టేపులంటించి, ఇనుప షట్టరు దించేశాం. మధ్యాహ్నం మూడింటికే ఇల్లంతా చీకటి, తొట్టి లైటొక్కటే వెలుగు. యూరోంగ్ గదిలో పడుకుంది. ఇవాళ్టికి నేనే మేత వేద్దామని తొట్టి దగ్గరికి వెళ్లాను.

రాళ్లు మారి ఉన్నాయి.

కుడివైపు గుట్ట ఎడమకొచ్చింది. ఎడమవి కుడికి పోయాయి. వెనకమూల పలకరాయి ఒక్కటే ఉన్నచోట ఉంది. నాన్న పోయాక దాన్నెవరూ ఎత్తనేలేదు.

"అమ్మా, రాళ్లు నువ్వు జరిపావా?"

అమ్మ గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది. "ఈ నడుముతోనా? నువ్వే జరిపి ఉంటావు. యూరోంగ్ మీద ఒట్టెయ్యి."

"ఒట్టు."

"మరి... చేపలేమన్నా..."

"అవి చేపలమ్మా, ఏనుగులు కావు."

అమ్మ నవ్వలేదు. తొట్టివైపు చూస్తూ గరిటె కింద పెట్టింది. అంతలోనే కరెంటు పోయింది.

గాలి మోటారు ఆగిపోయింది. అది లేకపోతే ఈ చేపలు ఎంతోసేపు బతకవు. బ్యాటరీ మోటారు కోసం సొరుగు తడుముతున్నాను. బయట గాలి షట్టరును బాదుతోంది. వాసన... కర్పూరం వాసన. నాన్న నడుముకు అంటించుకునే మందు పట్టీల వాసన.

గుబుక్.

నీళ్లలో చెయ్యి పెట్టిన చప్పుడు. తర్వాత రాయి మీద రాయి... మెల్లగా... రాసుకుంటూ...

"అమ్మా... నువ్వేనా?"

"నేనిక్కడున్నానురా." నా వెనక నుంచి, గుసగుసగా.

తొట్టి నాకు ముందుంది.

నీళ్లలోంచి చెయ్యి పైకొచ్చిన చప్పుడు. నేలమీద చుక్కలు. టప్... టప్... యూరోంగ్ గదివైపు వెళ్లాయి. ఆగాయి. మళ్లీ... టప్... టప్... తొట్టి దగ్గరికి వచ్చేశాయి.

"ఆ-హుంగ్..." గదిలోంచి యూరోంగ్ నన్ను పిలిచింది. "బిడ్డ కదలట్లేదు."

"ఎప్పట్నించి?"

"ఇప్పుడే... కడుపుమీద చల్లటి చెయ్యి పెట్టావు కదా, అప్పట్నించి."

అమ్మ గోడ పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తున్న గొంతు వినిపిస్తోంది. నేను టార్చి వెలిగించి తొట్టి మీద వేశాను.

నీళ్లమీద కవరు తేలుతోంది. ఎర్ర పురికొస. మూడు చుట్లు. కుందేలు చెవులు. లోపల నీళ్లు తప్ప ఇంకేం కనబడలేదు. ఛైర్మన్ కింది నుంచి దూసుకొచ్చి దాన్ని పొడిచాడు.

"అమ్మా!" గదిలో యూరోంగ్ కేక.

మళ్లీ పొడిచాడు. మళ్లీ కేక.

నా బుద్ధి పనిచెయ్యలేదు, చెయ్యి పనిచేసింది. కవరును లాగి గుండెలకు అదుముకున్నాను. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురంత వేడిగా ఉంది. లోపలి నుంచి ఏదో నా అరచేతిని తన్నింది. ఒక్కసారి. మెత్తగా.

"కదిలింది! అత్తమ్మా, కదిలింది!" గదిలో ఇద్దరూ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

అప్పుడు చూశాను. పురికొస చెవి ఒకటి పొట్టిదవుతోంది... కొస పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు... నిదానంగా. ముడిని గుప్పిట్లో బిగించాను. అరగంట ఇంకా కాలేదు నాన్నా, ఇంకా కాలేదు, అని గొణిగాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

కరెంటొచ్చింది. మోటారు గురగురమంది.

తొట్టిలో వెనకమూల పలకరాయి పక్కకు లేచి ఉంది. దాని కింద ఇసుకలో ఒక పాత కవరు. పాచి పట్టి, ఆకుపచ్చగా, నోరు తెరుచుకుని, ఖాళీగా. పక్కన విప్పేసిన ఎర్ర పురికొస. బుడ్డోడు ఆ కవరు లోపలి నుంచి ఈదుకుంటూ వచ్చి, అద్దానికి అవతల, సరిగ్గా నా ముఖం ఎదురుగా ఆగాడు.

"ఆ-హుంగ్," గదిలోంచి యూరోంగ్ ఏడుపులోనే నవ్వుతూ అడిగింది, "చేపలు బాగానే ఉన్నాయా? మన బుడ్డోడు ఉన్నాడా?"

"ఉన్నాడు," అన్నాను.

నా గుప్పిట్లో పురికొస ఇంకా కదులుతూనే ఉంది.