అక్క చెప్పని వార్త

“ఈ సాయంత్రం నాలుగింటికి మీ అక్క జనానికి అబద్ధం చెప్పబోతోంది,” అన్నాడు చీఫ్.

తమ్ముడికి నవ్వు రాలేదు. వార్తలు చదివే అతని అక్కను దేశమంతా ‘అక్క’ అనే పిలుస్తుంది. అందుకని గూఢచారి శాఖలో అతనికి తమ్ముడనే పేరు ఖాయమైపోయింది. ఎంత పుకారు పుట్టినా “అక్క చెప్పిందా? చెప్పలేదుగా, పడుకో” అని జనం ఇరవై ఏళ్లుగా నిశ్చింతగా ఉంటున్నారు.

చీఫ్ లాప్‌టాప్ ఇటు తిప్పాడు. తెర మీద అక్క. అదే ముఖం, అదే గొంతు, చదివేముందు చిన్నగా దగ్గే అలవాటుతో సహా. “పై ఆనకట్ట తెగింది. స్టేడియంలో ఉన్నవారంతా వెంటనే దక్షిణ గేటు వైపు పరుగెత్తండి.”

“ఆనకట్ట నిక్షేపంలా ఉంది,” అన్నాడు చీఫ్. “ఆ గేటులో నలుగురు పక్కపక్కన నడవలేరు. ఈరోజు ఫైనల్ మ్యాచ్, అరవై వేలమంది. సరిగ్గా విరామంలో ఇది పెద్ద తెర మీదా, జనం ఫోన్లలోనూ పడుతుంది. విదేశీ ముఠా పని. రేపట్నుంచి ఈ దేశంలో ఎవరూ ఏ వార్తా నమ్మకూడదు. అదీ వాళ్ల ప్లాను.”

గది మూలన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది అసలు అక్క.

“నా నోటితో జనాన్ని చంపిస్తారట్రా,” అంది. “ఇన్నేళ్లలో మంత్రులు వచ్చి బతిమాలినా ఒక్క తప్పుడు మాట చదవలేదు. ఎవడో దొంగవెధవ నా మొహం తగిలించుకుని చదువుతాడా? ఎలా ఆపుతావో నాకు తెలీదు. ఆ బొమ్మ పడకూడదు.”

అక్క గొంతు వణకడం తమ్ముడు మొదటిసారి విన్నాడు. అతనికి భయం వేసింది, భయం వెనకే ఒళ్లు మండింది.

కిటికీ దగ్గర నిలబడ్డ ఏజెంటు అప్పుడు ముందుకొచ్చింది. శాఖలో ఆమె మారుపేరు నెమలి. నెట్‌వర్క్ పరికరాలు సరఫరా చేసే కంపెనీలో కన్సల్టెంటు, రెండేళ్లుగా ముఠాలో శాఖ తరఫు మనిషి. ఆకుపచ్చ సిల్కు కోటు, ఎర్ర హైహీల్స్. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. లోపల పెన్‌డ్రైవ్.

“మూడూ యాభై అయిదుకి టెలికామ్ ఆపరేటర్ కంట్రోల్ రూమ్‌లో మెయిన్ కన్సోల్‌కి పెట్టు. వాళ్ల వీడియో ఎక్కడున్నా తుడిచేస్తుంది. ముందు పెడితే పసిగడతారు, తర్వాత పెడితే లాభం లేదు,” అంది నెమలి.

మూడూ నలభైకి తమ్ముడు ఏసీ మెకానిక్ వేషంలో టెలికామ్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఉన్నాడు. గోడంతా తెరలు. ఎదురుగా ఊలు శాలువా కప్పుకున్న షిఫ్ట్ ఇన్‌ఛార్జి. రిటైర్‌మెంటుకి పదినెలలు. ఆఫీసంతా ఆవిణ్ణి పిన్ని అంటుంది.

“ఏసీ కారుతోందని ఫోనొచ్చింది,” అన్నాడు తమ్ముడు, కోడ్ ప్రకారం.

“కారేది మూడో నంబరు,” అంది పిన్ని, కోడ్ ప్రకారమే. తర్వాత గొంతు తగ్గించి, “మీ చీఫ్ అంతా చెప్పాడు. ఏం తెచ్చావు?”

తమ్ముడు డ్రైవ్ చూపించాడు. పిన్ని దాన్ని చచ్చిన బొద్దింకను చూసినట్టు చూసింది.

“పెట్టను. ఈరోజు ఫ్రీజ్. పెద్ద మ్యాచ్ రోజున నెట్‌వర్క్‌లో చిన్న మార్పు కూడా చెయ్యం. బయటి డ్రైవ్ మామూలు రోజుల్లోనే పెట్టం.”

“పిన్నిగారూ, అరవై వేల ప్రాణాలు.”

“అందుకే పెట్టను.”

“ఇది ప్రభుత్వ ఆర్డరు.”

“రాసివ్వమను. తుపాకీ తీస్తావా? తియ్యి. ఈ కన్సోల్‌కి మా ఆయన తెచ్చినా, మీ మంత్రి తెచ్చినా ముందు టెస్ట్ మెషీనే.” ఆవిడ డ్రైవ్ లాక్కుని, ఏ తీగా లేకుండా విడిగా ఉన్న పాత కంప్యూటర్‌కి పెట్టింది.

తుడిచే ప్రోగ్రామేదీ రాలేదు. తెర మీద అక్క చిన్నగా దగ్గింది. “పై ఆనకట్ట తెగింది...”

కంచే చేను మేసింది. నెమలి రెండేళ్లుగా పనిచేస్తున్నది శాఖకు కాదు, ముఠాకే. ఆ బొమ్మను తమ్ముడు తన చేత్తోనే దేశం మీదికి వదలబోయాడు.

టైం మూడూ యాభై ఆరు. జేబులో ఫోను మోగింది. “ఇంకా పెట్టలేదేం?” అంది నెమలి. వెనక స్టేడియం హోరు.

“ఏసీ రిపేరులో ఉన్నాను,” అన్నాడు తమ్ముడు.

“సరే. స్టేడియం వరకు నేనే చూసుకుంటాను.” ఫోను కట్.

పిన్ని అప్పటికే తెర చూస్తోంది. “స్టేడియం తెర గదిలోంచి మాకు పరికరాలిచ్చే కంపెనీ రిపేర్లకు వాడే సర్వీస్ దారిని ఎవరో తెరిచారు. విదేశంలో సర్వర్‌లోంచి వీడియో లోపలికి లాగబోతున్నారు. నాలుగింటికి టైమర్.”

“తెర కరెంటు తీయించండి.”

“చేతుల్లో అరవై వేల ఫోన్లున్నాయి. వాటి కరెంటు ఎవరు తీస్తారు?”

“స్టేడియం లైను మొత్తం కోసెయ్యండి.”

“కోస్తే అంబులెన్సు ఫోన్లూ పోతాయి. జనం అప్పుడూ తొక్కుకుంటారు.” పిన్ని కళ్లజోడు సర్దుకుంది. “వెనకటికి ఫోనుకో తీగ, టీవీకో తీగ, ఇంటర్నెట్‌కో తీగ. ఇప్పుడు అన్నీ ఒకే ఫైబర్‌లో వెళ్తాయి. ఇరుకైతే ముందు దారి ఎమర్జెన్సీ కాల్‌కి. మాటయినా, బొమ్మయినా. అంబులెన్సు వస్తే మంత్రి కారైనా పక్కకి తప్పుకున్నట్టు. మిగతా వీడియోలన్నీ ఆగి చావాల్సిందే. ఆ నియమం నేను పెట్టిందే, దాన్ని మార్చమని పరికరాల కంపెనీ కన్సల్టెంటు, ఆ ఎర్ర హైహీల్స్ ఆవిడ, మూడుసార్లు ఫైలు పంపింది. మూడుసార్లూ తిప్పి కొట్టాను.”

ఆవిడ ఫోను తీసి స్టేడియం వాలంటీర్ల పెద్దను పిలిచింది. “అన్నా, డ్రిల్. మీ నాలుగు వందలమందీ ఎమర్జెన్సీ హ్యాండ్‌సెట్లలో ఇప్పుడే నా డ్రిల్ నంబరుకి వీడియో కాల్ చెయ్యాలి. హెచ్‌డీలో, పెద్ద బొమ్మ. ఎందుకని అడక్కు.”

తర్వాత తమ్ముణ్ణి కెమెరా ముందు కుర్చీలోకి తోసింది. “బొమ్మ రెండువైపులా నడిస్తేనే లైను నిండుతుంది. ఆ పెట్టుడు మీసం పీకేసి కూర్చో, సగం ఊడింది.”

మూడూ యాభై తొమ్మిది. ఇరవై ఏళ్లలో ఎవరికీ ఫోటో ఇవ్వని గూఢచారి ముఖం నాలుగు వందల ఫోన్లలో ఒకేసారి ప్రత్యక్షమైంది. గోడమీద చిన్న చిన్న గళ్లలో వాలంటీర్ల ముఖాలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వంద. రెండు వందల అరవై. స్టేడియం లైను ఎంత నిండిందో చూపే గీత పసుపైంది, ఎర్రబడింది.

నాలుగు.

స్టేడియం పెద్ద తెర మీద అక్క ప్రత్యక్షమైంది. చిన్నగా దగ్గింది. “పై ఆ—” అంది. నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ముఖం మధ్యలో తెల్లటి చక్రం తిరగసాగింది. ఫోన్లలో రీప్లేలు చూస్తున్నవాళ్లకూ అదే చక్రం. అరవై వేలమంది కూర్చున్నచోటే కూర్చుని ఆపరేటర్‌ను వంశంతో సహా తిట్టారు. ఒక్కరూ పరుగెత్తలేదు.

“తిట్టండి నాయనా, కడుపారా తిట్టండి,” అంది పిన్ని. ఆవిడ కళ్లు తడిశాయి.

“ఆ గడి పెద్దది చెయ్యండి,” అన్నాడు తమ్ముడు. ఒక వాలంటీరు వెనకగా, నారింజ జాకెట్టు వేసుకున్న మరో వాలంటీరు తెర గదిలోంచి బయటికి వస్తోంది. కాళ్లకు ఎర్ర హైహీల్స్. “అన్నా, నీ వెనకాలే ఉంది, పట్టుకో,” అన్నాడు కెమెరాలోకి. ఆ ఒక్క ఫోనే కాక చుట్టుపక్కల ముప్ఫై ఫోన్లు అటు తిరిగాయి.

సాయంత్రం ఏడింటి వార్తలకు చీఫ్ ఒక కాగితం పంపాడు. ‘సాంకేతిక లోపం వల్ల స్టేడియంలో ప్రసారం ఆగింది.’ అక్క దాన్ని చదివి, పక్కన పెట్టి, దగ్గి, కెమెరాలోకి చూసింది.

“ఈరోజు స్టేడియంలో బొమ్మ ఆగింది. అది లోపం కాదు. నా ముఖంతో మీకు అబద్ధం చెప్పబోయారు. ఒక కంట్రోల్ రూమ్ ఉద్యోగిని, నాలుగు వందలమంది వాలంటీర్లు, మా తమ్ముడు కలిసి ఆపారు.”

చీఫ్ టీవీ ముందు తల పట్టుకున్నాడు. “నీ మొహం నాలుగు వందలమంది చూశారు. మీ అక్క మిగతాది దేశానికంతా చెప్పేసింది. మొత్తం ఈ కేసులో రహస్యం దాచగలిగిన మనిషి ఒక్కరైనా ఉన్నారా?”

“ఉంది సార్,” అన్నాడు తమ్ముడు. “కింద లాకప్‌లో నెమలి. మూడు గంటలైంది, ఇంకా అసలు పేరు కూడా చెప్పలేదు.”